మార్తమ్మగారి పండగ రసం

ఈ ఉదయం మా చర్చి వెనక షెడ్డులో స్త్రీల సమాజం వాళ్ళు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టారు. ఎండుద్రాక్ష రసంలో తాటిబెల్లం కరిగి, దంచిన శొంఠీ లవంగాలూ దాల్చినచెక్కా గుడ్డమూటలో ఉడికి, ఆ ఆవిరి ప్రహరీగోడ దాటి మా వరండాలోకి వచ్చింది. నేను పేపరు చదువుతున్నాను. వాసన తగలగానే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. గుడివాడలో స్థిరపడిన దగ్గర్నుంచి ప్రతి డిసెంబరులోనూ ఇదే వరస. ఆ వాసన వచ్చినంతసేపూ నేను ఏ పనీ చేయలేను. మా కోడలు నాకు చలేస్తోందనుకుని శాలువా తెచ్చి కప్పుతుంది. చలి కాదు, సిగ్గు. డెబ్భై దాటిన ముసలిదానికి సిగ్గేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

పోయిన వారం మా పాస్టరుగారి భార్య నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. చర్చి వార్షికోత్సవానికి చిన్న సంచిక వేస్తారట. అందులో “ఎస్తేరమ్మగారి పండగ రసం” చేసే పద్ధతి రాయాలట. ఎస్తేరమ్మ అంటే నేనే. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో క్రిస్మస్ ముందురోజు తాగే ఆ వేడి రసాన్ని అందరూ నా పేరుతోనే పిలుస్తారు, నేనూ పిలవనిచ్చాను. “మీకు మీ అమ్మగారు నేర్పారా అండీ?” అని ఆ పిల్ల అడిగింది. “మా వైపు చేసేవాళ్ళులే అమ్మా” అని నీళ్ళు నమిలాను. గూడూరు దగ్గర పల్లెలో మా అమ్మ డిసెంబరు నెలంతా వరికోతల్లో ఉండేది. ఆవిడకు లవంగమంటే పన్నునొప్పికి పెట్టుకునేది, అంతే. నాకు ఆ రసం నేర్పిన మనిషి వేరే ఉంది. ఆవిడ పేరు మార్తమ్మ. మీరెవరూ ఆవిణ్ణి చూడలేదు. చూసినవాళ్ళు కూడా ఆవిడ గురించి ఒక అబద్ధం నమ్మి పోయారు.

యాభైల చివర్లో నేను బందరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగులో ఉన్నాను. మార్తమ్మగారు అక్కడ వంటావిడ. రోగుల జావ దగ్గర్నుంచి మా హాస్టలు కూరల దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగా రావాల్సిందే. పొట్టి మనిషి, మోచేతి కింద వెలిసిపోయిన పచ్చబొట్టు, ఎప్పుడూ నీలం అంచు తెల్లచీర. గొంతు మాత్రం రేవుకు ఆ ఒడ్డున ఉన్నవాణ్ణి పిలిచే గొంతు. ఆవిడది దివిసీమ. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. చర్చి అయ్యగారి ప్రసంగంలో బైబిలులోని మార్త యేసు మాటలు వినకుండా వంటపనిలో మునిగిపోయిందని వచ్చినప్పుడల్లా మేం పిల్లలం వెనక్కి తిరిగి చూసి నవ్వేవాళ్ళం. ఆవిడ మాత్రం “మరి ఆ పూట అందరికీ కూడు వండిందెవరంట?” అని పైకే అనేసేది.

నేను చేరిన మొదటి వారంలోనే ఆవిడ చేతిలో పడ్డాను. జ్వరం తగ్గిన ముసలమ్మకి గంజి పట్టుకెళ్ళి ఇచ్చాను, ఆవిడ రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేసింది. మార్తమ్మగారు ఆ గిన్నె చూసి నన్ను వంటింట్లోకి పిలిచింది.

“కూర్చో. ఇది తాగు,” అంది.

తాగాను. ఉప్పు లేదు. రెండు గుక్కలకే గిన్నె కింద పెట్టబోయాను. ఆవిడ కదలకుండా నిలబడి గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగించింది.

“రోగికి పెట్టేముందు నీ నాలిక మీద వేసుకోవాలమ్మాయ్. నీకు సయించంది వాళ్ళకేం సయిస్తుంది? వాళ్ళు నోరు తెరిచి చెప్పలేరు. వాళ్ళ తరఫున నువ్వే చూడాలి.”

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు నర్సు ఉద్యోగం చేశాను. పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను, పరీక్షలు పాసయ్యాను. కానీ నా చేతికింద పనిచేసిన పిల్లలకు నేను మొదట చెప్పిన మాట ఎప్పుడూ ఇదే. మార్తమ్మగారు పొయ్యి దించేముందు గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించేది. ఆవిడ తల ఊపితేనే గిన్నె కదిలేది.

ఆవిడ భర్త రేవులో పడవ నడిపేవాడట. సారా అలవాటు. ఒకనాడు పట్టపగలు సొంత పడవలోంచి జారి, నడుము లోతు నీళ్ళలో లేవలేక చచ్చిపోయాడు. ఆ ఏడాదే ఆవిడ బందరు వచ్చి, సంఘం ముందు నిలబడి ఆ పాడుచుక్క తన నాలిక మీద పడనివ్వనని ప్రమాణం చేసింది. నాలికతోనే కాదు, చేత్తో కూడా ముట్టుకునేది కాదు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు. అయినా ఆసుపత్రిలో మందు కింద బ్రాందీ ఉండేది. బాగా నీరసించిన రోగులకు పాలల్లో గుడ్డు గిలక్కొట్టి, అందులో ఒక ఔన్సు బ్రాందీ పోసి ఇచ్చేవాళ్ళం. పాలు కాచి, గుడ్డు గిలక్కొట్టడం దాకా మార్తమ్మగారి పని. సీసా తెచ్చి పోయడం డ్యూటీలో ఉన్న నర్సు పని. మేం బిరడా తీస్తుంటే ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకునేది. మందు కదా పెద్దమ్మా అంటే, “మీకు మందేనమ్మా. నాకు మా ఆయన,” అనేది.

ఇక ఆ రసం సంగతి. డిసెంబరు ఇరవైనాలుగో తారీఖు మధ్యాహ్నం మేం వార్డులన్నీ తిరిగి పాటలు పాడి వచ్చేసరికి వంటింటి వరండాలో బెంచీలు వేసి ఉండేవి. సముద్రపు గాలికి బందరులో ఆ నాలుగురోజులూ ఎముకల్లోకి దిగే చలి ఉంటుంది. ముందురోజే ఎండుద్రాక్ష నానబెట్టి, చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడకట్టేది ఆవిడ. తాటిబెల్లం వేసి సన్నటి సెగ మీద మరిగించేది. మసాలా మూట ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో గడియారం చూడకుండానే చెప్పేది. దించాక మాత్రమే నారింజపళ్ళు పిండేది. “పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుద్ది, తొందరపడకండి,” అని ప్రతి ఏడూ ఎవరో ఒకరి చేతి మీద కొట్టేది. అప్పుడు అందరూ ఎనామిల్ మగ్గులు పట్టుకుని వరస కట్టేవాళ్ళు. దొరసాని డాక్టరుగారు, అయ్యగారు, సంఘపెద్దలు, ఆయాలు, నడవగలిగిన రోగులు. ఆ వరసలో ఎప్పుడూ ఖాదర్ సాయిబుగారుండేవారు. ఆయనది బజార్లో సుగంధద్రవ్యాల కొట్టు. ఆ రసానికి కావలసిన దినుసులన్నీ ఏటా ఆయనే పొట్లాలు కట్టి పంపేవారు. “మార్తమ్మ చెయ్యి కాబట్టి కళ్ళు మూసుకుని తాగుతానండి” అనేవారు. చుక్క సారా లేని రసం కాబట్టే నమాజు చేసే ఆయనా, ప్రమాణం చేసిన ఆవిడా, మందు మానలేక డాక్టరమ్మ దగ్గర చీవాట్లు తినే జట్కావాడూ ఒకే గుండిగలోంచి తాగగలిగేవాళ్ళు. ఆ సంగతి నాకు ఎంతో కాలానికి గానీ బుర్రకెక్కలేదు.

అప్పట్లో నా బుర్రలో వేరేవి ఉన్నాయి. దొరసానిగారి బంగళాకి థర్మామీటర్లు అందివ్వడానికి వెళ్ళినప్పుడు అక్కడ బల్ల మీదుండే ఇంగ్లీషు పత్రికలు తిరగేసేదాన్ని. ఒకదానిలో మంచు పడుతున్న కిటికీ దగ్గర దొరలూ దొరసానులూ ఆవిర్లు కక్కే గ్లాసులు పట్టుకున్న రంగుల బొమ్మ ఉంది. కింద తయారీ పద్ధతి. మేం వేసే లవంగాలూ దాల్చినచెక్కే, కానీ ద్రాక్షసారా, పైన బ్రాందీ. ఓహో, అసలు సరుకు ఇదన్నమాట, మేం తాగేది పేదవాళ్ళ నకలు అనుకున్నాను. కొత్తగా ఇంగ్లీషు వచ్చిన రోజులు, నా కళ్ళు నెత్తి మీదుండేవి. మట్టికాళ్ళతో వచ్చిన పిల్లననే సంగతి ఎవరికీ గుర్తురాకూడదని నా తాపత్రయం. ఒకరోజు మార్తమ్మగారితో అనేశాను కూడా.

“పెద్దమ్మా, మనది కషాయం. అసలుది వేరేలా చేస్తారు, తెలుసా?”

“కషాయమేనమ్మా,” అందావిడ, శొంఠి దంచుతూ. “చలికి వణికేవాడికి కషాయం కాక ఏమిస్తాం?”

ఆ ఏడాది పండక్కి మద్రాసు నుంచి మిషన్ తరఫున ఒక పెద్ద దొరసాని వస్తోందని తెలిసింది. మా బ్యాచిలోంచి ఒకరిని పైచదువుకు మద్రాసు పంపిస్తారట, ఆవిడే ఎంచుతుందట. ఆవిడ ముందు నేను బందరు పిల్లలా కాదు, ఆ పత్రికలో బొమ్మలా కనబడాలి. ఆవిడ రసం తాగి ఆశ్చర్యపోయి, ఇది ఎవరి ఆలోచన అని అడుగుతుంది, నేను ఇంగ్లీషులో జవాబు చెబుతాను. ఆ జవాబు వారం ముందునుంచే బట్టీ పట్టాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇరవైనాలుగో తారీఖు మధ్యాహ్నం పథ్యం డ్యూటీ నాది. పాలగుడ్డులోకి పోయడానికి బ్రాందీ సీసా తెచ్చాను. మార్తమ్మగారు గుండిగ దించి, నారింజపళ్ళ బుట్ట తేవడానికి పక్కగదిలోకి వెళ్ళింది. వరండాలో మాటలు వినబడుతున్నాయి. నేను బిరడా తీసి సీసాలో సగం గుండిగలో వంపేశాను. గరిటెతో ఒకసారి తిప్పాను. అంతా కలిపి ఎన్నో క్షణాలు పట్టలేదు. ఆవిడ తన ప్రమాణం సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో, సాయిబుగారు వరండాలోనే కూర్చుని ఉన్నారనీ, ఇవేవీ నాకు తట్టలేదని చెబితే నమ్మకండి. తట్టాయి. కొంచెమే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

ఆవిడ వచ్చింది. నారింజపళ్ళు పిండింది. గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుంది. నేను వద్దు అని అరవాలి. అరవలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని చప్పరించింది.

కళ్ళు తెరిచేసరికి ఆవిడ మొహంలో రంగు లేదు. నా వంక చూసింది, నా చేతిలోని సీసా వంక చూసింది. చీరచెంగు చేతులకు చుట్టుకుని, ఇద్దరు పట్టి ఎత్తే ఆ గుండిగను ఒక్కతే ఒంచి పెరటి తూములోకి మొత్తం పారబోసింది. ఆవిరి గుప్పుమని లేచింది. ఆ వాసన దాచినా దాగేది కాదు. వరండాలోంచి అయ్యగారు, వెనక ఇద్దరు సంఘపెద్దలు, దొరసాని డాక్టరుగారు గబగబా వచ్చారు.

“ఏంటమ్మా ఈ వాసన? ఇందులో బ్రాందీ ఎవరు పోశారు?” అయ్యగారు ముందు నా వైపే చూశారు. నా చేతులు వణుకుతున్నాయి. సీసా అప్పటికే గూట్లోకి తోసేశాను, బిరడా ఇంకా గుప్పిట్లోనే ఉంది.

“నేనేనండి అయ్యగారూ,” అంది మార్తమ్మగారు.

“నువ్వా?”

“నేనే. చలి ఎక్కువగా ఉంది కదా, వెచ్చగా ఉంటుందని పోశాను. మళ్ళీ తప్పనిపించి పారబోశాను.”

దొరసానిగారు నా వైపు తిరిగారు. “ఎస్తేరు, సీసా నీ దగ్గర కదా ఉండాలి?”

నా బతుకులో నిజం చెప్పడానికి దేవుడు నాకు అంత తేలికైన ప్రశ్న మళ్ళీ ఇవ్వలేదు. “గూట్లో పెట్టి పక్కకి వెళ్ళానండి,” అన్నాను. సీసా ముట్టుకోవాలంటేనే మొహం తిప్పుకునే మనిషి ఆ సీసా తీసి పోసిందంటే, ఆవిణ్ణి అన్నేళ్ళుగా చూసినవాళ్ళంతా నమ్మేశారు. అందరికంటే ముందు నమ్మించింది నేను. ఆ పూట సాయిబుగారికి మార్తమ్మగారు ఉత్త పాలు కాచి ఇచ్చింది. మద్రాసు దొరసానికి టీ ఇచ్చారు. ఆవిడ నన్నేమీ అడగలేదు.

జనవరి పుట్టగానే సంఘం కమిటీ కూర్చుంది. డాక్టరుగారు పట్టుబట్టడంతో ఉద్యోగం పోలేదు. కానీ సంఘం ముందు ప్రమాణం చేసి తప్పిన మనిషి కాబట్టి ఆరు నెలలపాటు ప్రభువు బల్లలో పాలుపంచుకోకూడదన్నారు. మా సంఘాల్లో పుట్టనివాళ్ళకు ఇది పెద్ద శిక్షలా అనిపించకపోవచ్చు. నెలకోసారి, మొదటి ఆదివారం, అందరూ వెళ్ళి మోకరించి రొట్టె, రసం తీసుకుంటారు. శిక్ష పడినవాళ్ళు వెనక బెంచీలో కూర్చుండిపోవాలి. ఊరంతా చూస్తుంది. ఏళ్ళతరబడి రెండో బెంచీలో కూర్చున్న మార్తమ్మగారు తలుపు పక్కన, చెప్పుల దగ్గర, చంటిపిల్లల తల్లుల మధ్య కూర్చుంది.

ఇంకోటి ఉంది. ప్రభువు బల్లకు వాడే ద్రాక్షరసం కూడా అప్పటిదాకా ఆవిడే కాచేది. మసాలా లేకుండా, ఉత్త ఎండుద్రాక్షతో. ఆ పని ఆవిడ చేతిలోంచి తీసి కమిటీ ఎవరికిచ్చిందో చెబితే మీరు నమ్మరు. “ఎస్తేరుకు పని తెలుసు, జాగ్రత్త గల పిల్ల,” అన్నారు.

ఎండుద్రాక్ష కొనడానికి నేను ఖాదర్ సాయిబుగారి కొట్టుకు వెళ్ళాను. ఆయన తక్కెడ కింద పెట్టారు.

“మార్తమ్మ రాలేదేమమ్మా?”

“ఆవిణ్ణి ఆపారండీ. ఆ రోజు సంగతి తెలుసు కదా.”

“తెలుసు. ఆవిడ పోసిందంటే మాత్రం నేను నమ్మనమ్మా. నాకోసం గుండిగంతా పారబోసిన మనిషి పోస్తుందా? మీవాళ్ళు ఎలా నమ్మారో మరి.” పొట్లం కట్టి నా చేతిలో పెడుతూ నా మొహంలోకి చూశారు. “నీకేమైనా తెలుసా?”

“నాకేం తెలుసండీ,” అన్నాను. పొట్లం తీసుకుని వచ్చేశాను.

రసం కాచేటప్పుడు మార్తమ్మగారు గుమ్మంలో నిలబడి చెప్పింది, ముట్టుకోలేదు. సెగ తగ్గించు, ఇంకా వడకట్టు, అలా. చివర్న నేను గరిటె ఆవిడ వైపు చాపాను. “మీరు చూడండి పెద్దమ్మా.”

“నువ్వే చూడు. నేను మానేశాను.”

“ఏం?”

“నా నాలిక మాట తప్పింది. ఇక దాన్ని నమ్మను.”

మాట తప్పింది ఆవిడ నాలిక కాదు. అయినా ఆ రోజునుంచి ఆవిడ ఏ గిన్నే రుచి చూడలేదు. పప్పుచారైనా సరే, దారిన పోయేవాళ్ళెవరినో పిలిచి వాళ్ళ అరచేతిలో చుక్క వేసి “సరిపోయిందా?” అని అడిగేది. హాస్టలు పిల్లలు పెద్దమ్మకు వయసు మీదపడిందని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ఎవరైనా కారణం అడుగుతారేమోనని.

జనవరి నుంచి జూన్ దాకా ఆరు మొదటి ఆదివారాలు. ఆరుసార్లూ నేను కాచిన రసమే బల్ల మీదికి వెళ్ళింది, ఆరుసార్లూ నేను వెళ్ళి మోకరించి తీసుకున్నాను. లేచి వెనక్కి తిరిగినప్పుడల్లా ఆవిడ చూపు నా మీదే ఉండేది. కోపం లేదు ఆ చూపులో. నన్ను క్షమించేసింది కాబట్టే అంత నెమ్మదిగా చూస్తోందని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అలా సర్దిచెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

జూన్ నెలాఖర్లో మద్రాసు ఆర్డరు వచ్చింది. అవును, నన్నే ఎంచారు. బయల్దేరే రోజు మార్తమ్మగారు హాస్టలు గేటు దాకా వచ్చింది. చిన్న మూట ఇచ్చింది, దంచిన మసాలా. “జలుబు చేస్తే కాచుకో,” అంది. నేను జట్కా ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“చెప్పాల్సిందేమైనా ఉంటే చెప్పి వెళ్ళమ్మా.”

“ఏమీ లేదు పెద్దమ్మా. వెళ్ళొస్తాను,” అన్నాను.

తర్వాతి ఆదివారం ఆవిణ్ణి మళ్ళీ బల్లకు రానిచ్చారు. దాన్ని చూడటానికి నేను అక్కడ లేను.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. మద్రాసులో చదువు, గుడివాడ ఆసుపత్రిలో సిస్టరు ఉద్యోగం, పెళ్ళి, ఒక కొడుకు. అరవైల నడుమ ఒక డిసెంబరులో దివిసీమ నుంచి కాన్పుకు వచ్చిన అమ్మాయి మాటల్లో మార్తమ్మగారి పేరు వచ్చింది. ఆవిడ పని మానేసి తమ్ముడి ఇంటికి చేరిందట, కళ్ళు సరిగా కనబడటం లేదట. ఆ వారమే సెలవు పెట్టి బయల్దేరాను. పులిగడ్డ దాటి, అవనిగడ్డలో బస్సు మారి, అక్కడినుంచి కాలవగట్టు మీద నడక. దారంతా ఏం చెప్పాలో బట్టీ పట్టాను, వెనక ఇంగ్లీషు జవాబు బట్టీ పట్టినట్టే.

ఆవిడ నా గొంతు గుర్తుపట్టింది. “ఎస్తేరేనా? చల్లగాల్లో వచ్చావు, ఉండు,” అని తడుముకుంటూ పొయ్యి రాజేసింది. చిన్న గిన్నెలో అదే రసం. శొంఠి ఎక్కువ, ద్రాక్ష తక్కువ, ఉన్నంతలో చేసింది. దించాక గరిటె నా వైపు చాపింది. “చెయ్యి పట్టు. నువ్వు చూడు. నేను చూడను కదా.”

అరచేతిలో వేడి చుక్క పడింది. బట్టీ పట్టినదంతా పోయింది. “పెద్దమ్మా, ఆ రోజు పోసింది నేను,” అన్నాను.

“ముందు రుచి చూడు. సరిపోయిందా?”

“సరిపోయిందండి.”

ఆవిడ గ్లాసులో పోసి నా ముందు పెట్టింది. అప్పుడు కూర్చుంది.

“నువ్వేనని నాకు తెలియదా అమ్మా? సీసా నీ చేతిలోనే ఉంది.”

“మరి మీరెందుకు ఒప్పుకున్నారు?”

“నీ చేతులు వణుకుతున్నాయి. చదువు పోద్దని భయపడ్డావు. ఊపిరి తీసుకోనిద్దాం, సాయంత్రానికల్లా తనే చెబుతుందిలే అనుకున్నాను. సాయంత్రం దాకా మోద్దామనుకున్నానమ్మా నేను. ఆరు నెలలు మోయించావు.”

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఆపమనలేదు.

“చర్చిలో నువ్వు లేచి వెనక్కి తిరిగినప్పుడల్లా నీ వంకే చూసేదాన్ని. ఈ నెల చెబుతుంది, ఈ నెల చెబుతుంది అని. అబద్ధం ఆడింది నేనూ కాబట్టి శిక్ష సరిపోయిందిలే అనుకున్నాను. కానీ ఎదురుచూడటం మాత్రం మానలేకపోయాను.”

“నన్ను క్షమించండి పెద్దమ్మా.”

“నాకెందుకు చెబుతావే పిచ్చిదానా? నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్ళకు చెప్పు.” గ్లాసు నా వైపు జరిపింది. “తాగు, చల్లారిపోతుంది.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బందరు వెళ్ళి కమిటీ ముందు నిలబడాలని గట్టిగా అనుకున్నాను. తర్వాత అయ్యగారికి బదిలీ అయిందని విన్నాను. దొరసానిగారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఖాదర్ సాయిబుగారు కొట్టు కొడుకులకు అప్పగించి మంచానపడ్డారు. సంఘపెద్దలు ఒక్కొక్కరే సమాధుల దొడ్లో చేరారు. ప్రతి కబురూ నాకు ఒక సాకు అయింది. ఎవరికి చెప్పను, ఎవరున్నారు అనుకుంటూ గడిపేశాను. మార్తమ్మగారు మరో రెండేళ్ళకు పోయారని ఉత్తరం వచ్చింది. ఆవిడ పోయాక ఆవిడ రసాన్ని కూడా నా పేరున పెట్టుకున్నాను. ఇంతకంటే సిగ్గుచేటు నాకింకేం కావాలి.

ఈ ఉదయం పాస్టరుగారి భార్య గరిటెలో రసం పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. ఆవిడ వెనక సమాజం ఆడవాళ్ళు నలుగురైదుగురు. “మీరు సరే అంటేనే పంచుతామండి,” అంది. నేను చెయ్యి చాపాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఆ గిన్నె రుచి చూసేది నేనే, నలుగురి తరఫునా. చుక్క అరచేతిలో పడి చురుక్కుమంది. శొంఠి కాస్త ఎక్కువైంది, దివిసీమలో తాగినట్టే ఉంది.

“సరిపోయింది,” అన్నాను. “నోటుపుస్తకం తెచ్చావా అమ్మా? అందరూ కూర్చోండి. ఇది నా రసం కాదు.”

వాళ్ళు మొహమొహాలు చూసుకుని మెట్ల మీద కూర్చున్నారు. మార్తమ్మగారి పేరు నేను చెబుతుంటే ఆ పిల్ల రాసుకుంది. ఎండుద్రాక్ష ఎంత, బెల్లం ఎంత అని అడిగింది, చెప్పాను. నారింజపళ్ళు దించాకే పిండాలని చెప్పాను. ఆ తర్వాత ఆగాను. ఎవరో పొయ్యి సంగతి చూడటానికి లేవబోతే కూర్చోమన్నాను.

“ఇంకొకటి రాసుకో,” అన్నాను. “ఒక ఏడాది బందరులో ఆ గుండిగలో బ్రాందీ పడింది. పోసింది ఎస్తేరు. మార్తమ్మగారు కాదు.”